మరుపు బడి

1వ రోజు

గది నెంబరు పదిహేడు. కట్టే మేస్త్రి: ఓబుళమ్మ, అంటే నేను. ఎవరి కోసం: చౌడేశ్వరి, ఇరవై ఆరేళ్లు, ఎండతో కరెంటు చేసే కంపెనీలో మూడో వరస అద్దాలు కడిగే పని. మేస్త్రికి ఏమవుతుంది: కూతురు.

సొంతవాళ్లకు గది కట్టకూడదని ఈ పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. రెండో మేస్త్రికి పోయిన ఏడాది చూపు పోయింది కాబట్టి ఊళ్లో గది కట్టేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నియమం పాటించాలంటే నా కూతురు గుడ్డిదైపోవాలి. పైవాళ్లు పదకొండేళ్లలో ఈ పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు. ఇప్పుడు తెరిచి నన్ను తిడితే సంతోషమే, వాళ్లకు చదవడం వచ్చని తెలుస్తుంది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. ఇవే గదులు విప్పి మళ్లీ కడుతూ ఇప్పటికి నూట నలభై ఇళ్లకు నకళ్లు కట్టాను. కంటి చుక్క మానలేని ప్రతివాడి ఇంటికీ వెళ్లి, వాడు ఎక్కడ కూర్చుని వేసుకుంటాడో, అప్పుడు ఏ వాసన వస్తుందో, ఏ చప్పుడు వినిపిస్తుందో అడిగి, అదంతా బడిలో దించాను. ఆ గదిలో కూర్చుంటే యావ పుట్టాలి. పుట్టిన యావ చుక్క దొరక్క దానంతటదే చల్లారాలి. అలా పదే పదే చల్లారితే మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. ఊరంతా దీన్ని మరుపు బడి అంటుంది కానీ ఇక్కడ ఎవరికీ ఏదీ మరపించరు. ఉన్నదాని మీద ఇంకొకటి నేర్పుతారు, అంతే.

కంపెనీ ఇచ్చే చలువ చుక్క కంట్లో వేసుకోకుండా ఆ అద్దాల మధ్య అరగంట నిలబడితే కళ్లు మాడిపోతాయి. వేసుకుంటే కళ్లు చల్లబడతాయి, మనసూ చల్లబడుతుంది. మనసు సంగతి సీసా మీద రాయలేదు. కంటి నరం ఎండిపోతుందనీ రాయలేదు. సీసా ఇచ్చేదీ వాళ్లే, బడి పెట్టిందీ వాళ్లే.

చౌడికి ఎడమ కంట్లో ఓరచూపు పోయింది. ఇంకో ఆరు నెలలు ఇలాగే వేసుకుంటే రెండు కళ్లూ పోతాయని డాక్టరమ్మ చెప్పింది.

రోగి వివరాలు. చుక్క ఎక్కడ వేసుకుంటుంది: ఇంట్లో, వసారాలో మంచం మీద. ఎప్పుడు: పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు. ఎనిమిది నెలలుగా సాయంత్రం కూడా. ఎవరు వేస్తారు: తనే వేసుకుంటుంది.

4వ రోజు

వసారా పూర్తయింది. రేకులు మా ఇంటి రేకులే, రెండు విప్పి తెచ్చాను. కిటికీ అవతల అద్దాల వెలుతురు కోసం పెద్ద దీపం పెట్టాను. గోడ మీద చౌడి చిన్నప్పుడు పెన్సిలుతో గీసిన గీతలు కూడా దించాను.

వాసనలు కలిపే మద్దిలేటి వచ్చి అడిగాడు. "అక్కా, మీ ఇంట్లో ఏం వాసనొస్తాది? చెప్పు, కలుపుతా."

నూట నలభై ఇళ్ల వాసనలు పట్టిచ్చినదాన్ని, నా ఇంటి వాసన నాకు తెలియలేదు. వాడే మా ఇంటికి వచ్చి వసారాలో కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"అద్దాలు కడిగే పుల్ల నీళ్లు. అడుగంటిన సంగటి. నువ్వు తలకు పెట్టుకునే ఆముదం," అన్నాడు.

"ఆముదం వద్దులే. మిగతా రెండు కలుపు," అన్నాను.

వాడు నా మొహం చూసి, ఆ రెండే కలపడానికి వెళ్లాడు.

6వ రోజు. మొదటి మాత్ర

చౌడి చేత బడి మాత్ర మింగించి, తలకు పట్టీ కట్టి మంచం మీద కూర్చోబెట్టాం. పట్టీకి తగిలించిన పెట్టెలో యావ ఎంతుందో చూపే ముల్లు ఉంటుంది, సున్నా నుంచి పది దాకా. అద్దం అవతల నుంచి డాక్టర్ నస్రీన్, నేను చూస్తున్నాం.

చౌడి గది చుట్టూ చూసి నవ్వింది. "గోడ మీద నా గీతలు గూడ దించినావా మా? నీకేం పనీపాటా ల్యాదా?"

ఇదే నా పని అని అరవాలనిపించింది.

మాత్ర గురించి నస్రీన్‌ను అడిగాను. ఇన్నేళ్లూ గోడలు కట్టానే గానీ మాత్ర ఏం చేస్తుందో ఎప్పుడూ అడగలేదు. ఆమెది కడప వైపు. చిన్న వయసే, మాట మాత్రం సూటిగా ఉంటుంది.

"మెదడులో రిసెప్టర్లని ఉంటాయక్కా. వాకిళ్ల మాదిరి. కొన్ని వాకిళ్లు తెరుచుకుంటేనే మనం నేర్చుకున్నేది లోపల నిలుస్తాది. చుక్క అలవాటైనోళ్లకి అవి సరిగా తెరుచుకోవు. అందుకే ఎన్ని దినాలు గదిలో కూసోబెట్టినా బయటికి పోతానే మళ్లా మొదటికొస్తారు. ఈ మాత్ర ఆ వాకిళ్లని రెండు మూడు గంటలు బార్లా తెరిచిపెడ్తాది."

"అయితే రోజుకొకటి ఇచ్చేయొచ్చు గదమ్మా?"

"ఆరు మాత్రలే. ఆరు దాటితే వాకిళ్లు మొద్దుబారిపోతాయి, ఏడోది ఇచ్చినా ఉలకవు. ఇంకోటి చెప్తా విను. నువ్వు మేస్త్రివి, నీకు అర్థమైతాది. పచ్చి సిమెంటు మీద ఎవురు అడుగేసినా ముద్ర పడ్తాది. ఆ అడుగు ఎవురిదని సిమెంటు అడగదు. యావ చల్లారినాక గది తలుపు తీస్తే చల్లారిన పాఠం నిలుస్తాది. యావ పైనున్నప్పుడు తీస్తే ఆ యావే నిలుస్తాది. ఏమైనా గానీ, ముల్లు దిగేదాకా తలుపు తీయగూడదు."

రెండు గంటలు కూర్చుంది. ముల్లు మూడు దాటలేదు. పుట్టని యావ చల్లారేదేముంది? ఒక మాత్ర వృథా. చౌడి ఇంటికి వచ్చి సాయంత్రం చుక్క వేయించుకుంది.

9వ రోజు. రెండో మాత్ర

దీపం వెలుతురు పెంచాను. పుల్ల నీళ్లు తాజాగా చల్లాను. డ్యూటీ సైరన్ మోగించాను. ముల్లు రెండు.

"ఏదో తక్కువైందక్కా ఈ గదిలో," అంది నస్రీన్. "ఇల్లు నీది. నువ్వే చెప్పాల."

ఆలోచిస్తానన్నాను. ఏం తక్కువైందో నాకు మొదటి రోజే తెలుసు.

11వ రోజు. మూడో మాత్ర

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గంటసేపు ముల్లు ఒకటి మీదే ఉంది. చౌడి చెమటలు పట్టి, మంచం మీద ముడుచుకుని, మంచినీళ్లు అడిగింది. నస్రీన్ పక్క గదిలో వేరే రోగిని చూస్తోంది. మందకొడిగా ఉన్న ముల్లే కదా, నీళ్లిస్తే ఏమవుతుందిలే అని తలుపు తీసి లోపలికి వెళ్లాను. గ్లాసు ఇచ్చాను. చెమటకు జుట్టు కళ్ల మీద పడి ఉంటే వెనక్కి తోశాను. నా బొటనవేలు దాని కనురెప్ప కింద తగిలింది.

ముల్లు తొమ్మిదికి ఎగిరింది. చౌడి కళ్లు మూసుకుని, నా చేయి పట్టుకుని, తల నా ఒడిలోకి తోసేసింది. "వెయ్యి మా, వెయ్యి. బిరీన వెయ్యి," అంటూ పళ్లు కొరుకుతోంది. ఇరవై ఆరేళ్ల మనిషి పసిపిల్లలా నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తలుపు దగ్గరికి నస్రీన్ పరుగెత్తుకొచ్చింది. "తీసుకురావద్దక్కా! ఆడ్నే కూచో! ముల్లు దిగనీ!" అని అరిచింది.

నేను వినలేదు. ఎత్తి బయటికి తీసుకొచ్చాను. ముల్లు అప్పుడు తొమ్మిదిన్నర.

12వ రోజు

పచ్చి సిమెంటు మీద నేను వేసిన అడుగు నిలిచింది. చౌడి నిన్న సాయంత్రం నుంచి మూడుసార్లు చుక్క అడిగింది. నేను వేయనంటే తనే అద్దం ముందు నిలబడి, సగం బుగ్గల మీద ఒలకబోసుకుంటూ సీసా ఖాళీ చేసింది. ఈ పొద్దున ఎడమ కన్ను దాదాపు మసక. తలుపు చట్రం కనపడక భుజం కొట్టుకుంది.

నస్రీన్ నన్ను కూర్చోబెట్టింది. తిడుతుందనుకున్నాను. ఈ పుస్తకంలో 1వ రోజు పేజీ తెరిచి, "తనే వేసుకుంటుంది" అన్న చోట వేలు పెట్టింది.

"ఈ మాట ఎందుకు రాసినావక్కా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నాది ఇప్పటికే పడింది కాబట్టి రాసేస్తున్నాను.

మా ఊళ్లో ఎవరి చుక్క వాళ్లు వేసుకోరు. చేయి వణుకుతుంది, రెప్ప మూసుకుపోతుంది, చుక్క ఒలికిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వేస్తారు. పనికెళ్లేవాళ్లు వచ్చి ఒడిలో తల పెట్టుకుంటారు. కింది రెప్ప బొటనవేలితో లాగి, కంటికొక చుక్క వేసి, అరచేయి కళ్ల మీద కప్పి నూరు లెక్కపెట్టాలి. అప్పటిదాకా కళ్లు తెరవకూడదు. ప్రతి ఇంట్లోనూ ఇదే, అయినా బడి పుస్తకంలో మాత్రం అందరూ తామే వేసుకుంటామని రాయిస్తారు. పెళ్లయి వచ్చిన కోడలికి అత్త మొదట నేర్పేది ఈ నూరు లెక్కే.

నేను మరుపు బడి మేస్త్రిని. ఊరందరి చుక్క మాన్పించేదాన్ని. నా చేత్తో నా కూతురికి రోజూ చుక్క వేశానని ఏ మొహంతో రాయను? అందుకే అబద్ధం రాశాను. గది నుంచి ఆముదం తీసేశాను. ఒడి తీసేశాను. నన్ను తీసేసి మిగిలిన ఇల్లంతా కట్టాను.

ఇంకో మాట కూడా ఉంది. అది నస్రీన్‌కు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. చుక్కతో నరం ఎండుతుందని నాకు బడిలో చేరిన రెండో ఏడే తెలుసు. వేరే పని చూసుకోమని చౌడికి గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది ఎదిగాక నాతో మాట్లాడేదే తక్కువ. తిండి వేరే టైముకు, నిద్ర వేరే టైముకు. ఆ నూరు లెక్కపెట్టేంతసేపే నా దగ్గర కదలకుండా పడుకునేది. సాయంత్రం కూడా వేయమని వచ్చినప్పుడు, పని లేనివేళ చుక్క ఎందుకని అడగాలని నాకు తెలుసు. అడగకుండా కాళ్లు చాపి కూర్చున్నాను. సంతోషంగానే కూర్చున్నాను. నా సిగ్గులేనితనం రాయడానికి ఈ పుస్తకంలో గడి ఏదీ లేదు.

13వ రోజు

నస్రీన్ చెప్పింది. "మూడు మాత్రలు మిగిలినాయి. ఇంగ గదిలో నువ్వుండాల. ఒడిలో పండబెట్టుకోవల్ల, రెప్ప లాగల్ల, చుక్క మందు లేని ఉప్పునీళ్లు వెయ్యల్ల, నూరు లెక్క పెట్టల్ల. లేపల్ల, మళ్లా పండబెట్టల్ల. ముల్లు దిగేదాకా."

"దిగుతాదా?"

"దిగుతాది. ఒకటి ముందే చెప్పాల నీకు. ఆ ఒడిలో చుక్క యావ ఒకటే లేదు. ఇంగా ఏమేమో ఉంటాయి. అన్నీ ఒకే ముడి. మాత్రకి ఏరడం రాదక్కా. నాకూ రాదు. ఆ గదిలో ఏది వేడెక్కుతాదో అది చల్లారుతాది."

"కండ్లు నిలుస్తాయా?"

"ఉన్నంత మటుకు నిలుస్తాయి."

"అయితే ఇంగ నన్నేం అడగొద్దు తల్లీ," అన్నాను.

మద్దిలేటిని పిలిచి ఆముదం కలపమన్నాను. వాడు సీసా అప్పటికే కలిపి పెట్టి ఉంచాడు.

15వ రోజు. నాలుగో మాత్ర

ముల్లు తొమ్మిదిన్నర నుంచి మొదలు. మొదటిసారి నూరు అయ్యేసరికి నా తొడ మీద దాని గోళ్ల గాట్లు. "నీళ్లు. ఇవి ఉత్త నీళ్లు. దొంగదానా," అని తిట్టింది. నా తల్లి నన్నెప్పుడూ తిట్టని తిట్లు నా కూతురు తిట్టింది. నేను లేపి, మళ్లీ పడుకోబెట్టాను. పదిహేడోసారి ముల్లు ఎనిమిది. ముప్పయ్యోసారి ఆరు. నలభై రెండోసారి అయిదు దగ్గర నిలిచింది. గంటన్నర దాటాక నాలుగయింది. అప్పుడు తలుపు తీశారు.

ఇంటికి వచ్చాక సాయంత్రం చుక్క అడిగింది. ఇది రాస్తున్న ఈ మర్నాటి పొద్దున అడగలేదు. నూట నలభై ఇళ్లు కట్టిన నాకు తెలుసు, పాఠం పట్టింది.

19వ రోజు. అయిదో మాత్ర

ఏడుతో మొదలు. ఇరవై సార్లు అయ్యాక చౌడి కళ్లు మూసుకునే ఉండి, మామూలు గొంతుతో అంది.

"తొంభై కాడికి వచ్చేసరికి నువ్వు నిదానంగా లెక్కపెడ్తావు మా. ఈ మధ్య కాదు, డ్యూటీలో చేరినప్పట్నుంచి. నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"నేనూ లోపల లెక్కపెడ్తా ఉంటా గదా. నాది నూటిరవై అయితాది. నువ్వింకా తొంభై ఆరు కాడే ఉంటావు." నవ్వింది. "లేటైనా గమ్మునుండేదాన్ని. బాగుండేది."

నేను అరచేయి దాని కళ్ల మీద నుంచి తీయకుండా అద్దం వైపు చూశాను. నస్రీన్ తల అడ్డంగా ఊపింది. ఆపకు అని. నేను లేపి, మళ్లీ పడుకోబెట్టి, ఒకటి నుంచి మొదలుపెట్టాను.

యాభయ్యోసారి కావాలనే తొంభై దగ్గర చాలాసేపు లాగాను. చౌడి గమనించినట్టే లేదు. ముల్లు రెండు.

24వ రోజు. ఆరో మాత్ర

చివరిది ఇంట్లోనే. బడిలో నేర్చుకున్నది బడిలోనే ఉండిపోతుందనీ, అసలు వసారాలో ఒకసారి నేర్పకపోతే అంతా దండగనీ నస్రీన్ పట్టీ, ముల్లు పెట్టె చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదట నాలుగు. పదిసార్లకు సున్నా. ఆ తర్వాత ముల్లు కదల్లేదు.

ఇరవయ్యోసారి ఒడిలో తల పెట్టుకుని చౌడి ఆవులించింది. "అయిపోయిందా మా? నడుము పట్టేసింది," అంది.

నస్రీన్ ముల్లు వైపు చూసి ఏడ్చేసింది. ఆమె పని మొదలుపెట్టాక సున్నా మీద నిలిచిన రోగి ఇదే మొదలంట. నన్ను కౌగిలించుకుంది. నేనూ ఏడ్చాను. ఎందుకేడ్చానని అడిగితే అప్పుడు సంతోషమనే చెప్పేదాన్ని.

40వ రోజు

చౌడి మళ్లీ చుక్క ముట్టలేదు. అద్దాల పని మానేసి నీళ్ల పైపుల పనిలో చేరింది. కుడి కన్ను పూర్తిగా బాగుంది. ఎడమది ఉన్నంత ఉంది. మనిషి చలాకీగా ఉంటోంది. అన్నం పెడితే తింటుంది, అడిగితే జవాబు చెబుతుంది, వెళ్లేటప్పుడు వస్తానని చెప్పి వెళుతుంది. నా మీద కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించే రోజు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

పైవాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేడో గది పద్ధతిని అన్ని ఊళ్ల బడుల్లోనూ పెడతారట. ఇంట్లో చుక్క వేసే మనిషిని కూడా గదిలో కూర్చోబెట్టి నేర్పుతారట. ఎవరో పుస్తకం తెరిచారన్నమాట.

68వ రోజు

ఈ పద్ధతిలో రెండో గది. మొగుడికి చుక్క వేసే ఆవిడ వచ్చింది. "ఎవరు వేస్తారు?" అని అడిగితే ఆమె కూడా "ఆయనే యేసుకుంటాడు" అంది. నిజం చెప్పమన్నాను. చెప్పాక, చుక్కతో పాటు ఆ ఒడిలో ఇంకేం చల్లారిపోతుందో కూడా చెప్పాను. ఆవిడ, "ఆయనకి కండ్లుంటే చాలులే అక్కా," అంది. అందరం ఒకటే మాట అంటాం.

91వ రోజు

చౌడి పని మధ్యలోనే జ్వరంతో ఇంటికి వచ్చింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. జ్వరం మాత్ర వేసి, గంజి తాగించి, వసారాలో మంచం మీద పడుకోబెట్టాను. పళ్లు టకటకలాడుతుంటే చూడలేక నేనూ మంచం మీదికెక్కి కూర్చుని దాని తల ఎత్తి ఒడిలో పెట్టుకున్నాను. జుట్టు వెనక్కి తోశాను. నుదుటి మీద చేయి వేశాను. నాకు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది.

పన్నెండు దాకా వచ్చాను. చౌడి కళ్లు తెరిచి నన్ను చూసింది. జబ్బు మనిషి ఆసుపత్రిలో నర్సును చూసినట్టు, మర్యాదగా చూసింది.

"మెడ పట్టేస్తాండాది మా," అంది. "దిండు ఉంటే ఇయ్యి."

లేచి దిండు ఇచ్చాను. దాని మీద తల పెట్టుకుని, అటు తిరిగి, రెండు నిమిషాల్లో హాయిగా నిద్రపోయింది.